పాత హాలీవుడ్ సిరీస్‌ల కొత్త సినిమాలు: పాతవి చూడనివారు దేనితో మొదలుపెట్టాలి?

రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరి, ఏ సినిమా పెట్టాలో తేల్చుకోలేక అరగంట గడిపేయడం ఇప్పుడు చాలా ఇళ్లలో మామూలైపోయింది. తీరా ఒకటి అందరికీ నచ్చి పెట్టబోతే, "ఇది ఏడో భాగమట, ముందువి చూడకపోతే ఏమర్థమవుతుంది?" అని ఎవరో ఒకరు అడుగుతారు, అంతటితో ఆ సినిమా పక్కకు పోతుంది. ఎప్పుడో మొదలై ఆగిపోయిన సిరీస్‌లను గత ఇరవై ఏళ్లుగా హాలీవుడ్ వరుసగా మళ్లీ ఎత్తుకుంటూ ఉండటంతో ఈ చిక్కు మరీ ఎక్కువైంది. పాతవాటిని చూడనివారు, చూసి మరచిపోయినవారు ఏ సినిమాతో మొదలుపెడితే మేలో ఒక్కొక్కదాన్నీ పరిశీలించి చెప్పడానికే ఈ వ్యాసం.

ఒకే కథను మళ్లీ మళ్లీ తెరకెక్కించడం తెలుగువారికి కొత్త కాదు. భక్త ప్రహ్లాద 1932లోనూ, 1942లోనూ, 1967లోనూ వచ్చింది. 1934లో లవకుశ తీసిన సి. పుల్లయ్య గారే 29 ఏళ్ల తరువాత, 1963లో, దాన్ని రంగుల్లో మళ్లీ తీశారు. ఆ రెండో చిత్రాన్ని ఆయన కుమారుడు సి.ఎస్. రావు పూర్తి చేశారు. ఆ లవకుశను చూడటానికి వచ్చినవారిలో, 1934 నాటి చిత్రం చూడలేదే అని వెనక్కి తగ్గినవారు ఉండరు. సీత కథ అప్పటికే అందరి ఇళ్లలోనూ ఉంది. బాక్సర్ రాకీ కథనో, స్టార్ వార్స్‌లోని జెడై యోధుల కథనో మనకు చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. కనుక ఈ సినిమాల విషయంలో "ముందువి చూడాలా?" అన్న ప్రశ్న నిజంగానే అడగవలసిన ప్రశ్న.

ముందుగా కొలతలు

మొదటిది, పాత చిత్రాలు చూడకపోయినా కథ తనంత తాను నిలబడుతుందా అన్నది. అర్థం కావడం ఒక ఎత్తు, మనసుకు తాకడం మరొక ఎత్తు. కొన్ని సినిమాలలో జరిగేదంతా తెలుస్తూనే ఉంటుంది గానీ, ఏ క్షణంలో థియేటరంతా చప్పట్లు కొట్టిందో ఆ క్షణం మనకు మాత్రం చప్పగా ఉంటుంది.

రెండోది, మధ్యలో గడిచిన కాలాన్ని కథ ఏం చేసుకున్నదన్నది. ముప్పై ఏళ్ల తరువాత పాత పాత్రను తెచ్చి, ఏమీ జరగనట్లు పరుగెత్తించే సినిమాలు ఉన్నాయి. ఆ ముప్పై ఏళ్లనే కథా వస్తువుగా మలచుకున్నవీ ఉన్నాయి. నా దృష్టిలో ఈ కొలతే అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎందుకంటే దర్శకుడికి తనదైన ప్రశ్న ఏదైనా ఉందో లేదో ఇక్కడే తేలిపోతుంది.

మూడోది, ఎవరితో కలిసి, ఎంత తెర మీద చూస్తారన్నది. నాలుగోది, ఒకసారి మొదలుపెడితే ఇంకా ఎన్ని చూడవలసి వస్తుందన్నది. చివరి రెండూ పైకి చిన్న విషయాలుగా కనిపిస్తాయి గానీ, పనిరోజుల్లో వారానికి ఒక్క సాయంత్రం మాత్రమే దొరికేవారికి అవే పెద్దవి.

మాటల విషయంలోనూ ఒక స్పష్టత అవసరం. ఉన్న కథనే మళ్లీ తీస్తే రీమేక్. పాత కథ జరగలేదనుకుని పాత్రను మొదటినుంచి కొత్తగా మొదలుపెడితే రీబూట్. పాత కథ జరిగిందనే ఒప్పుకుని, చాలా ఏళ్ల తరువాత తరువాతి తరంతో కొనసాగిస్తే దాన్ని వారసత్వ సీక్వెల్ అనవచ్చు. మనవాళ్లు అన్నిటినీ కలిపి రీబూట్ అనే అంటుంటారు. కానీ పాతవి చూడాలా వద్దా అన్నది చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

| కొత్త ఆరంభం | సిరీస్‌లో మొదటి చిత్రం | సుమారు నిడివి | పాతవి చూడాలా? | పిల్లలతో చూడవచ్చా? |
|---|---|---|---|---|
| రైజ్ ఆఫ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్ (2011) | 1968 | 105 నిమిషాలు | అక్కరలేదు | పదేళ్లు దాటినవారితో |
| క్రీడ్ (2015) | 1976 | 133 నిమిషాలు | చూస్తే మంచిది, తప్పనిసరి కాదు | పన్నెండు దాటినవారితో |
| మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్ (2015) | 1979 | 120 నిమిషాలు | అక్కరలేదు | వద్దు |
| జురాసిక్ వరల్డ్ (2015) | 1993 | 124 నిమిషాలు | మొదటిది ఒక్కటి చాలు | ఎనిమిది దాటినవారితో |
| టాప్ గన్: మావెరిక్ (2022) | 1986 | 130 నిమిషాలు | చూస్తేనే పూర్తి రుచి | చూడవచ్చు |
| స్టార్ వార్స్: ద ఫోర్స్ అవేకెన్స్ (2015) | 1977 | 135 నిమిషాలు | తప్పక చూడాలి | చూడవచ్చు |
| కసీనో రాయల్ (2006) | 1962 | 144 నిమిషాలు | అక్కరలేదు | వద్దు |

వయసుల విషయంలో పట్టికలో చెప్పినవి నా అంచనాలు మాత్రమే. మీ పిల్లల సంగతి మీకే బాగా తెలుస్తుంది.

ఏప్స్: ఏమీ తెలియనివారికి మొదటి ఎంపిక

ఫ్రెంచి రచయిత పియెర్ బూల్ 1963లో రాసిన నవల ఆధారంగా 1968లో మొదలైన ఈ సిరీస్ 1973 వరకు ఐదు చిత్రాలుగా సాగింది. 2001లో టిమ్ బర్టన్ ఒక రీమేక్ తీశారు గానీ దానికి కొనసాగింపు రాలేదు. పదేళ్ల తరువాత వచ్చిన 2011 చిత్రం పాత లెక్కలన్నీ పక్కన పెట్టి, కోతులు మనుషుల మీద తిరగబడే రోజు అసలు ఎలా మొదలై ఉంటుంది అన్న ప్రశ్నను ఎత్తుకుంది. ఒక శాస్త్రవేత్త తన తండ్రి మతిమరుపు జబ్బుకు మందు కనిపెట్టే ప్రయత్నంలో ఉండగా, ఆ ప్రయోగాల ఫలితంగా పుట్టుకతోనే తెలివి అబ్బిన ఒక చింపాంజీ పిల్ల ఆయన ఇంట్లో పెరుగుతుంది. దాని పేరు సీజర్.

ఈ చిత్రాన్ని మా మేనత్తతో కలిసి చూశాను. ఆమెకు డెబ్బై దాటాయి, ఇంగ్లీషు రాదు. తెలుగు శబ్దం దొరకలేదు కాబట్టి పక్కన కూర్చుని మాటలు చెబుతూ వచ్చాను. అడవిలో షికారు ముగించుకుని తిరిగి వస్తున్నప్పుడు సీజర్‌కు ఒక కుటుంబం ఎదురుపడుతుంది. వాళ్ల కుక్క మెడకు పట్టీ ఉంటుంది, సీజర్ మెడకూ ఉంటుంది. సీజర్ ఆ కుక్కను చూస్తాడు, తన పట్టీని చూసుకుంటాడు. కారు దగ్గరకు వచ్చాక, ఎప్పటిలా వెనుక భాగంలోకి ఎక్కకుండా ఆగిపోతాడు. నేను ఇంకా నోరు తెరవకముందే మా అత్త, "వాడికి తెలిసిపోయిందిరా" అంది. ఆ తరువాత ఆమెకు నేను చెప్పవలసింది పెద్దగా మిగలలేదు. సీజర్ చేతి సంజ్ఞలతోనే మాట్లాడతాడు, కళ్లతోనే బాధపడతాడు. ఇంగ్లీషు రానివారికి, సబ్‌టైటిల్స్ చదివే ఓపిక లేనివారికి ఇంతకన్నా అనువైన హాలీవుడ్ సినిమా నాకు తారసపడలేదు.

1968 చిత్రంలో నటులకు కోతి ముఖాలు అమర్చిన జాన్ ఛాంబర్స్‌కు ఆ మేకప్ పనికే గౌరవ ఆస్కార్ ఇచ్చారు. కొత్త చిత్రాలలో మేకప్ లేదు. ఆండీ సెర్కిస్ అనే నటుడు దేహమంతా గుర్తులున్న దుస్తులు వేసుకుని నటిస్తే, ఆ కదలికలను, ముఖ కవళికలను పట్టి న్యూజీలాండ్‌లోని వేటా డిజిటల్ సంస్థ సీజర్‌ను రూపొందించింది. ఇక్కడ సాంకేతికత నటనకు గొంతు ఇచ్చిందే తప్ప దాన్ని మింగేయలేదు.

పాత చిత్రాలు చూసినవారి కోసం అక్కడక్కడా చిన్న గుర్తులు ఉన్నాయి. చూడనివారు వాటిని గమనించకపోయినా ఏమీ నష్టపోరు. తరువాతి భాగాలైన డాన్ (2014), వార్ (2017) మాట్ రీవ్స్ దర్శకత్వంలో వచ్చాయి, సీజర్ కథ అక్కడితో పూర్తవుతుంది. రెండూ మొదటిదానికన్నా నిడివి ఎక్కువ, బరువు కూడా ఎక్కువ. మూడు సాయంత్రాలు కేటాయించగలిగితే, ఒక నాయకుడి పుట్టుక నుంచి చివరి వరకు చక్కగా ముగిసే కథ చూసినవారవుతారు. 2024లో వచ్చిన కింగ్‌డమ్ చాలా తరాల తరువాత జరిగే వేరే కథ. దాన్ని తరువాత తీరికగా చూసుకోవచ్చు.

క్రీడ్: జ్ఞాపకాన్నే కథగా మలచిన సినిమా

రాకీ సినిమాలలో ప్రత్యర్థిగా మొదలై స్నేహితుడిగా మారిన అపోలో క్రీడ్, 1985లో వచ్చిన నాలుగో భాగంలో రింగులోనే చనిపోతాడు. అతడు కన్నుమూశాక పుట్టిన కొడుకు అడోనిస్ కథ ఇది. తండ్రిని ఎన్నడూ చూడని కొడుకు, తండ్రి పేరు వాడుకోవడానికి ఇష్టపడని కొడుకు, ఆ తండ్రితో ఒకప్పుడు తలపడిన వృద్ధుడైన రాకీ దగ్గరకే బాక్సింగ్ నేర్చుకోవడానికి వెళతాడు. తండ్రీకొడుకుల పేరు ప్రతిష్ఠల గొడవ తెలుగు ప్రేక్షకుడికి ఎవరూ విడమరచి చెప్పనవసరం లేదు. అందుకే పాతవి చూడకపోయినా ఇది మనకు దూరం కాదు.

ఇందులో ఒక దృశ్యం గురించి చెప్పాలి. అడోనిస్ ఒక రాత్రి తన తండ్రికీ రాకీకీ జరిగిన పాత పోటీ వీడియోను పెద్ద తెర మీద వేసుకుని, దాని ముందు నిలబడి గాలిలోనే పిడిగుద్దులు విసురుతాడు. అతడు నిలబడింది తండ్రి స్థానంలో కాదు, రాకీ స్థానంలో. అంటే తన తండ్రినే కొడుతున్నాడు. పాత సినిమా వెలుతురు కొత్త సినిమా నటుడి వీపు మీద పడుతూ ఉంటుంది. ఒక పాత సిరీస్‌ను కొత్త తరం ఎలా అందుకోవాలో, ఎలా ఎదుర్కోవాలో కూడా, ఈ ఒక్క దృశ్యంలో మాటలేమీ లేకుండా ఉంది. దర్శకుడు రయాన్ కూగ్లర్‌కు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. మధ్యలో వచ్చే ఒక పోటీ మొత్తాన్ని, రెండు రౌండ్లనూ, ఎక్కడా కోత లేకుండా ఒకే షాట్‌లో చూపిస్తాడు. కెమెరా రింగులోనే ఇద్దరి చుట్టూ తిరుగుతుంటే మనకే ఊపిరి అందదు.

రాకీగా నటించిన సిల్వెస్టర్ స్టాలోన్‌కు ఈ పాత్రకు సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఫిలడెల్ఫియా మ్యూజియం ముందు ఉన్న మెట్లను ఒకప్పుడు ఒక్క ఊపులో పరుగెత్తి ఎక్కినవాడు ఇందులో మెల్లగా, ఆగి ఆగి ఎక్కుతాడు. అమెరికా వెళ్లిన మనవాళ్లు ఆ మెట్ల మీద ఫొటో దిగి పంపుతుంటారు కదా, ఆ మెట్లే. నేను ముందు చెప్పిన రెండో కొలతలో ఈ సినిమాకు సాటి వచ్చేది పట్టికలో మరొకటి లేదు. ఏప్స్‌ను మొదటి ఎంపికగా చెప్పడానికి కారణం అది అందరికీ అందుతుందనే. నాకు వ్యక్తిగతంగా ఎక్కువ ఇష్టమైనది మాత్రం క్రీడ్. మాటలు ఎక్కువ, నింపాదిగా సాగుతుంది. భాష అర్థం కాకపోతే సగం పోతుంది.

ఫ్యూరీ రోడ్: కథ తక్కువ, దృశ్యం ఎక్కువ

మొదటి మూడు మ్యాడ్ మ్యాక్స్ చిత్రాలను 1979, 1981, 1985 సంవత్సరాలలో తీసిన జార్జ్ మిల్లరే 30 ఏళ్ల విరామం తరువాత నాలుగోదాన్నీ తీశారు. మన పుల్లయ్య గారు లవకుశకు తిరిగి వచ్చినట్లే, ఈయనా తన కథకు తానే తిరిగి వచ్చారు. చేతిలో అప్పటికి లేని వనరులు ఉన్నప్పుడు, తన తొలి ఊహను పూర్తి స్థాయిలో చూపాలన్న తపన రెండు చోట్లా కనిపిస్తుంది. మెల్ గిబ్సన్ స్థానంలో టామ్ హార్డీ వచ్చినా, సినిమా నిజానికి చార్లీజ్ థెరాన్ పోషించిన ఫ్యూరియోసాది. ఇందులో ప్రతినాయకుడిగా ముసుగు వెనుక కనిపించే హ్యూ కీస్-బర్న్ 1979 చిత్రంలోనూ ప్రతినాయకుడే, పాత్ర మాత్రం వేరు.

ఆస్ట్రేలియాలో తీయాలనుకున్న ఎడారి వర్షాలకు పచ్చబడి పూలు పూయడంతో యూనిట్ అంతా నమీబియాకు తరలిపోయింది. వాహనాలు, గెంతులు, ఢీకొట్టుకోవడాలు చాలావరకు నిజంగా చేసినవే. ఇంత వేగంలోనూ చూసేవారి కన్ను తడబడకపోవడానికి ఒక కారణం ఉంది: ముఖ్యమైనదాన్ని ప్రతి షాట్‌లోనూ తెర మధ్యలోనే ఉంచారు. ఎడిటింగ్ చేసిన మార్గరెట్ సిక్సెల్‌కు ఆస్కార్ వచ్చింది. చిత్రానికి మొత్తం 6 ఆస్కార్‌లు వచ్చాయి.

ఈ సినిమాకు పాత కథ ఏమాత్రం అవసరం లేదు. కానీ హింస, రక్తం, స్త్రీల నిర్బంధం ఉన్నాయి కాబట్టి పిల్లలున్న గదిలో పెట్టకూడదు. ఫోన్‌లోనూ చూడకూడదు; చిన్న తెర మీద ఇది ఇసుకలో పరుగెత్తే లారీల గోలగా మిగిలిపోతుంది. ఇంట్లో మంచి తెర, కొంచెం గట్టిగా పెట్టుకోగల స్పీకర్లు ఉంటేనే దీని జోలికి వెళ్లండి.

జురాసిక్ వరల్డ్: పిల్లలు అడిగేది

1993లో స్పీల్‌బర్గ్ తీసిన చిత్రంలో డైనోసార్‌లు తెర మీద కనిపించేది సుమారు 15 నిమిషాలే. మిగతా సమయమంతా ఎదురుచూపు, భయం, నీళ్ల గ్లాసులో చిన్న అలలు. 2015 చిత్రం ఆ ఓపికను వదిలేసింది. అయితే ఆ సంగతి దానికీ తెలుసు: కథలో పార్కు తెరిచి చాలా ఏళ్లయింది, జనానికి మామూలు డైనోసార్‌లు విసుగొచ్చాయి, అందుకని ఇంకా పెద్దదాన్ని, ఇంకా క్రూరమైనదాన్ని ప్రయోగశాలలో తయారుచేస్తారు. పాత సిరీస్‌లను తిరిగి తీసేవారి ఇబ్బందినే కథలో పెట్టారన్నమాట. ఆ ఆలోచన నాకు నచ్చింది. రెండో సగంలో సినిమా తాను తప్పుబట్టినదాన్నే తానూ చేయడం నచ్చలేదు. ఇద్దరు పిల్లలు అడవిలో పాడుబడిన పాత పార్కు భవనాన్ని కనుగొనే ఘట్టం మాత్రం మొదటి చిత్రాన్ని చూసినవారికి గుండె ఝల్లుమనిపిస్తుంది. పార్కు యజమానిగా ఇర్ఫాన్ ఖాన్ కనిపించడం మనకు అదనపు ఆనందం.

పిల్లలతో అయితే నా సలహా వేరు: ముందు 1993 చిత్రమే చూపించండి. ఇన్నేళ్లయినా అది పాతబడలేదు. ఆ తరువాత 2015ది చూపిస్తే చాలు. 2018, 2022 చిత్రాలను వదిలేసినా లోటు లేదు. 2025లో వచ్చిన రీబర్త్ కొత్త పాత్రలతో నడుస్తుంది కాబట్టి దాన్ని విడిగానూ చూడవచ్చు.

మిగిలిన మూడు

టాప్ గన్: మావెరిక్ మొదటి చిత్రం వచ్చిన 36 ఏళ్లకు వచ్చింది. నటులను నిజమైన యుద్ధ విమానాల వెనుక సీట్లలో కూర్చోబెట్టి, కాక్‌పిట్‌లోనే కెమెరాలు అమర్చి తీశారు కాబట్టి, ఆ ముఖాల మీద కనిపించే ఒత్తిడి నటన కాదు. కథ సూటిగా ఉంటుంది, ఎవరికైనా అర్థమవుతుంది. కానీ దీని గుండె అంతా ఒక్క దృశ్యంలో ఉంది: గొంతు క్యాన్సర్‌తో నిజ జీవితంలోనే స్వరం కోల్పోయిన వాల్ కిల్మర్, అదే స్థితిలో ఉన్న పాత్రగా కనిపించి, మాటలను కీబోర్డు మీద కొట్టి చూపిస్తాడు. 1986లో ఈ పాత్రకూ కథానాయకుడు మావెరిక్‌కూ మధ్య ఉన్న పోటీ చూడనివారికి ఇది ఒక జబ్బు మనిషి పరామర్శగానే కనిపిస్తుంది. కిల్మర్ 2025లో కన్నుమూశారు. ఈ సినిమా కోసం 1986 చిత్రాన్ని ముందు రోజు చూడటం వృథా కాదు.

ద ఫోర్స్ అవేకెన్స్‌ను మొదటి ఎంపికగా ఎవరికీ చెప్పలేను. ఎడారి గ్రహం, రహస్యం మోసే చిన్న రోబో, గ్రహాలను పేల్చే మహా ఆయుధం, అన్నీ 1977 చిత్రంలోనివే, మరింత పెద్దవిగా. అప్పటి అభిమానులకు అది పుట్టింటికి వెళ్లినట్లు ఉండవచ్చు. కొత్తవారు మాత్రం 1977 చిత్రంతోనే మొదలుపెట్టడం నయం.

కసీనో రాయల్ అసలైన రీబూట్: బాండ్ ఇప్పుడిప్పుడే ఏజెంట్ అవుతున్నాడు, తప్పులు చేస్తాడు, దెబ్బలు తింటాడు, ప్రేమలో మోసపోతాడు. ముందు వచ్చిన ఇరవై చిత్రాలలో ఒక్కటీ చూడనవసరం లేదు. చిత్రహింస దృశ్యం ఒకటి తీవ్రంగా ఉంటుంది. పేకాట నియమాలు తెలియనివారికి మధ్యభాగం కొంచెం భారమవుతుంది. డేనియల్ క్రెయిగ్ బాండ్ కథ 2021 వరకు ఐదు చిత్రాలుగా సాగి ముగుస్తుంది, కాబట్టి సిరీస్‌గా చూడాలనుకునేవారికి అనుకూలం.

ఎవరికి ఏది

పెద్దలు, పిల్లలు, ఇంగ్లీషు వచ్చినవారు, రానివారు అందరూ కలిసి కూర్చునే ఇంట్లో ఏప్స్ పెట్టండి. ఒంటరిగా, కథలో మునిగిపోవాలనుకునేవారికి క్రీడ్. స్నేహితులు నలుగురు చేరిన శనివారం రాత్రి, పెద్ద తెర ఉంటే ఫ్యూరీ రోడ్. ప్రయాణంలో, ఫోన్‌లో చూడక తప్పనివారు ఫ్యూరీ రోడ్‌నూ, మావెరిక్‌నూ దాచిపెట్టుకుని క్రీడ్ గానీ కసీనో రాయల్ గానీ ఎంచుకోవడం మంచిది, ఎందుకంటే ఆ రెండింటిలోనూ ముఖాలే ప్రధానం. చిన్నప్పుడు పాత చిత్రాలను అరకొరగా చూసి, ఇప్పుడు పిల్లలతో ఆ అనుభూతిని పంచుకోవాలనుకునే తల్లిదండ్రులకు జురాసిక్ పార్క్ తరువాత జురాసిక్ వరల్డ్.

తెలుగు శబ్దం తప్పనిసరి అయితే, సినిమా ఎంచుకోకముందే ఓటీటీలో భాషల జాబితా చూసుకోవాలి. అన్నిటికీ ఉండదు, ఉన్నవాటిలోనూ నాణ్యత ఒకేలా ఉండదు. మరీ చిన్నపిల్లలున్న ఇళ్లకు, పాత యానిమేషన్ కథను కొత్తగా తీసిన 2019 నాటి లయన్ కింగ్ నిశ్చింతగా చెప్పగలను. తెలుగులో సింబాకు నాని గొంతు ఇచ్చారు. 2024లో వచ్చిన ముఫాసాకు మహేశ్‌బాబు చెప్పారు. మాటలు తెలిసిన గొంతులోంచి వస్తుంటే పిల్లలు కదలకుండా చూస్తారు.

ఇక పాతవాటి సంగతి. కొత్తది నచ్చితే వెనక్కి వెళ్లి చూడండి. ముందే కూర్చుని పరీక్షకు చదివినట్లు అన్నీ చూసుకుంటూ రావద్దు. క్రీడ్ చూసిన వారంలోగా 1976 నాటి రాకీ చూడండి, అది ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న సినిమా. చివరి పోటీ ఫలితం ప్రకటించేటప్పుడు రాకీ ఎవరికోసం వెతుకుతున్నాడో గమనించి, క్రీడ్ చివరి ఇరవై నిమిషాలను మళ్లీ ఒకసారి పెట్టుకోండి.